సభలో అభ్యంతరం

ఎదుటివారి అభిప్రాయంతో విభేదించడం వేరు, నియమోల్లంఘనను ఎత్తిచూపడం వేరు. లోక్‌సభ నియమావళిలోని 376వ నియమం ఈ రెండవదానికై ఏర్పడింది. 'పాయింట్ ఆఫ్ ఆర్డర్' అని లేచిన సభ్యుడు ప్రస్తావించే అంశం సభా నియమాలకో, సభా నిర్వహణకు చెందిన రాజ్యాంగ అధికరణాలకో సంబంధించినదై ఉండాలి. అది అప్పుడు సభ ముందున్న విషయాన్ని గూర్చినదే కావాలి. దానిపై చర్చ ఉండదు; స్పీకరు నిర్ణయమే తుది నిర్ణయం. 1967లో స్పీకరైన నీలం సంజీవరెడ్డి తన పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేసింది నిష్పాక్షికత కొరకే. సమాచారం కోరడానికీ, స్వీయ వివరణకూ ఈ నియమాన్ని వినియోగింపరాదు. తరచుగా జరిగేది మాత్రం అదే!

353వ నియమం ఇంతకన్న విలువైనదనిపిస్తుంది. రాజ్యాంగంలోని 105వ అధికరణం ప్రకారం పార్లమెంటులో పలికిన మాటకు సభ్యునిపై న్యాయస్థానంలో చర్య తీసుకొనరాదు. మరి సభలో లేని వ్యక్తిపై నింద మోపితే? అతడు అక్కడికి వచ్చి బదులు చెప్పలేడు. పరువునష్టం దావా వేయలేడు. అందుచేతనే అటువంటి ఆరోపణ చేయదలచిన సభ్యుడు స్పీకరుకూ, సంబంధిత మంత్రికీ ముందుగా తెలియపరచాలి. మంత్రి విచారణ జరిపి సమాధానం చెప్పడానికి ఆ వ్యవధి అవసరం. పరువుకు భంగకరమైన మాటలను 380వ నియమం కింద రికార్డుల నుండి తొలగించే అధికారం స్పీకరుకు ఉన్నది. కాని ప్రత్యక్ష ప్రసారంలో ఆ మాటలు అప్పటికే ఇంటింటికీ చేరి ఉంటాయి.