ప్రశ్నలు - జవాబులు: మాగ్నం తూటా, మామూలు తూటా

ప్రశ్న: మాగ్నం తూటాకు మామూలు తూటా కంటే రెట్టింపు బలం ఉంటుందంటారు. నిజమేనా? (ఒక పాఠకుడు, భావనపాడు)

జవాబు: మాగ్నంలో పెరిగేది ముఖ్యంగా గుళ్ల సంఖ్య, వేగం కాదు. 12 బోరులో మామూలు తూటా పొడవు 70 మిల్లీమీటర్లు. అందులో 32 గ్రాముల సీసపు గుళ్లు నింపితే అవి గొట్టం మూతి దగ్గర సెకనుకు సుమారు 365 మీటర్ల వేగంతో బయటపడతాయి. 76 మిల్లీమీటర్ల మాగ్నంలో 53 గ్రాములు నింపవచ్చు. వేగం ఇంచుమించు అంతే. మొత్తం శక్తి లెక్క కడితే మామూలు తూటాకు దాదాపు 2,100 జౌళ్లు, మాగ్నంకు 3,500 జౌళ్లు వస్తాయి. అంకెల్లో ఇది పెద్ద తేడాయే. కానీ ఆ శక్తి ఏ ఒక్క గుండులోనూ ఉండదు. 2.8 మి.మీ. గుళ్లయితే మామూలు తూటాలో సుమారు 250, మాగ్నంలో 415 ఉంటాయి. ఒక్కో గుండు మోసే శక్తి రెండింటిలోనూ ఎనిమిదిన్నర జౌళ్లే. దెబ్బ లోతుగా దిగదు, గుళ్లు ఒత్తుగా పడతాయి.

గుళ్లు తగ్గించి వేగం పెంచిన మాగ్నం తూటాలూ ఉన్నాయి. అయితే చిన్న గుండ్రటి గుళ్లను గాలి త్వరగా నెమ్మదింపజేస్తుంది కాబట్టి, 35 మీటర్లు దాటేసరికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోతుంది. తుపాకీ భుజాన్ని తన్నే తన్ను మాత్రం తగ్గదు. మూడు కిలోల పైచిలుకు తుపాకీలో 53 గ్రాముల మాగ్నం పేలిస్తే ఆ తన్నుకు మామూలు దానికంటే సుమారు రెండున్నర రెట్ల శక్తి ఉంటుంది.

ప్రశ్న: తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకీలో మాగ్నం తూటా సరిగ్గా పట్టింది. కాల్చవచ్చా?

జవాబు: కాల్చకూడదు. పట్టడమే ఇక్కడి ప్రమాదం. తూటా మీద రాసే పొడవు, పేలాక మూతి మడత విచ్చుకున్నప్పటిది. పేలకముందు మడత ముడుచుకుని ఉంటుంది గనుక 76 మి.మీ. తూటా 70 మి.మీ. గదిలోకి (గొట్టంలో తూటా కూర్చునే చోటు) సులువుగా దిగిపోతుంది. పేలినప్పుడు విచ్చుకునే మూతికి చోటు చాలక, గది ముందర గొట్టం సన్నబడే చోటుకు అడ్డుపడుతుంది. గుళ్లు, గ్యాసు ఆ ఇరుకులోంచి తోసుకు పోవాలి. ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. పట్టుకున్న చెయ్యి గొట్టం పక్కనే ఉంటుంది.

పాత తుపాకులు చాలావాటికి గది 65 మి.మీ. మాత్రమే, వాటిలో 70 మి.మీ. తూటా కూడా తగదు. గది పొడవు సాధారణంగా గొట్టాల అడుగున 65, 70 అనో, రెండున్నర, రెండుముప్పావు అంగుళాలనో ముద్రవేసి ఉంటుంది. ముద్ర కనిపించకపోతే లైసెన్సున్న తుపాకీ మరమ్మతుదారుకు చూపించి కొలిపించాలి. భావనపాడు, నౌపడా ఉప్పుమడుల వంటి చోట్ల ఈ జాగ్రత్త మరీ అవసరం. ఉప్పుగాలికి గొట్టం లోపల తుప్పు పట్టి గుంటలు పడతాయి, ఇత్తడి అడుగున్న తూటాలు చిలుమెక్కుతాయి. అలా పలచబడిన గొట్టం మామూలు తూటాకే నమ్మదగింది కాదు.

ప్రశ్న: అలాంటప్పుడు మాగ్నం ఎందుకు పుట్టింది?

జవాబు: నీటిపక్షుల వేట కోసం. నీటిలో పడిన సీసపు గుళ్లను బాతులు గులకరాళ్లనుకుని మింగి విషమెక్కి చస్తున్నాయని తేలడంతో, అమెరికా 1991 నాటికి ఆ వేటలో సీసాన్ని దేశమంతటా నిషేధించింది. దాని బదులు ఉక్కు గుళ్లు వాడాల్సి వచ్చింది. ఉక్కు సీసం కంటే తేలిక కనుక పెద్ద గుళ్లు వాడాలి, వాటికి ఎక్కువ చోటు కావాలి. 1988లో వచ్చిన 89 మి.మీ. మాగ్నం తూటా ఈ అవసరానికే పుట్టింది.

ఇక్కడ నీటిపక్షులను వేటాడే అవసరమే లేదు. తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఊరివాళ్లే కాపాడుకుంటున్నారు.

ప్రశ్న: అడవి పందుల బెడదకు మాగ్నం పనికొస్తుందా? అది ఎంత దూరం పోతుంది?

జవాబు: గుళ్లు ఎంత దూరం పోతాయన్నది వాటి పరిమాణాన్ని బట్టే ఉంటుంది, మాగ్నం అయినంత మాత్రాన పెద్దగా మారదు. 2.8 మి.మీ. గుండు 220 మీటర్ల దాకా, 9 మి.మీ. ఉండే ఎల్‌జీ రకం పెద్ద గుండు 700 మీటర్ల దాకా పోగలదు. కొబ్బరితోటల మధ్య ఇళ్లున్న తీరంలో ఈ దూరాలు మరిచిపోకూడదు. ఇక పంటకాపలాకు తుపాకీ లైసెన్సు ఉన్నా పందిని కాల్చే హక్కు దానితో రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, పంటకు ముప్పు ఉన్నప్పుడు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతించాలి.