కెమెరా ఎంత ఎత్తున వుండాలి?

ఫిల్మ్ సొసైటీ అనగానే మనకు 1947లో సత్యజిత్ రే, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు పెట్టిన కలకత్తా సంస్థ గుర్తొస్తుంది. మంచి సినిమా చూసే కళ్ళను అలాంటి సంస్థలు తయారు చేశాయి. మరి తమ బతుకు తెరమీద ఎన్నడూ చూసుకోనివాళ్ళు సినిమా తీయాలంటే? జవాబు కోసం నేను కలకత్తా దాకా పోనక్కరలేదు, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ చాలు.

1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ లాభాపేక్ష లేని సంస్థ. దాని బలమంతా వూరూరా వున్న మహిళా సంఘాలు. అందులో ఎక్కువమంది పేద దళిత స్త్రీలు. 1990ల చివర వాళ్ళలో కొందరు వీడియో తీయడం నేర్చుకున్నారు. తర్వాత 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ వచ్చింది.

నన్ను ఆకట్టుకున్నవి వాళ్ళు షాట్లకు పెట్టుకున్న పేర్లు. పైనుంచి కిందికి చూసేది ‘పటేల్ షాట్’. దొర ఎత్తున కూర్చుని కూలివాణ్ణి చూసే చూపు అదేగదా! కింద నుంచి పైకి చూసేది వెట్టివాడి చూపు. ఎదుటి మనిషి కళ్ళకు సమంగా వుండేది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ నేలమీదే కూర్చుంటారు కాబట్టి. లో యాంగిల్, హై యాంగిల్ అని మనం పుస్తకంలో బట్టీపట్టే పాఠాన్ని వాళ్ళు తమ బతుకులోంచి తీసుకున్నారు. సంస్థ కెమెరా ఒక్కటే యిచ్చి వూరుకుంటే యీ మాటలు పుట్టేవి కావు. అంతకుముందే ఏళ్ళ తరబడి కూర్చుని మాట్లాడుకునే సంఘం వుంది.

2002లో దేశంలో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది. వీళ్ళు వరంగల్ పల్లెలకు పంటకాలం పొడుగునా మళ్ళీ మళ్ళీ వెళ్ళి, రైతుల మాటలు రికార్డు చేసి, 2003లో ఒక చిత్రం తెచ్చారు. 2005లో వచ్చిన రెండోది మూడేళ్ళ అనుభవం చెప్పింది. పత్తి రైతును అడిగిందీ రైతే కావడం వల్ల ఆ సంభాషణకు వేరే రుచి వచ్చింది.

ఒక సందేహం మాత్రం మిత్రులు అడుగుతారు, అడగాలి కూడా. పాత విత్తనాల కోసం ప్రచారం చేసే సంస్థ నీడలో తీసిన చిత్రం నిష్పాక్షికమా? కాదనే నా అభిప్రాయం. దిగుబడి లెక్కలు దాన్నొక్కదాన్నే చూసి తేల్చుకోకూడదు. అయితే విత్తనాల కంపెనీ ప్రకటన చూసేటప్పుడు యీ ప్రశ్న మనలో ఎంతమందికి తడుతుంది?