దాంపత్యంలో ఓర్పు ఎంతవరకు?



కౌకూర్‌లో ఒక ఇంట్లో సాయంకాలపు జపమాల ముగిసింది. అందరూ ప్రసాదం తీసుకుని వెళ్లిపోయారు. ఒక సోదరి మాత్రం గుమ్మం దగ్గర ఆగింది. చెప్పులు వేసుకుంటున్నట్టు తల వంచుకునే అడిగింది: "అక్కా, ఆయనకు వద్దంటే పాపమా?" నేను జవాబు వెతుక్కునేలోగా ఇంకో మాట అన్నది: "తాగొచ్చిన రోజు గూడనా?"

ఇది ఒక్క ఇంటి మాట కాదు. వివాహ తరగతులు చెప్పడానికి తిరుగుతున్నప్పుడు రెండు మూడు ఇళ్లలో విన్నది కలిపి, ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 37 మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. మన విచారణల్లోని కుటుంబాలు ఆ లెక్కకు బయట ఉన్నాయని అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ కనిపించలేదు.

ఆ సోదరి అడిగిన రెండు ప్రశ్నలూ ఒకటి కావు. మొదటిది దాంపత్యంలో వచ్చే ఇబ్బంది. రెండవది హింస. మనం చేసే పెద్ద పొరపాటు ఈ రెంటికీ ఒకే మందు ఇవ్వడం: "సర్దుకుపోమ్మా, ప్రార్థన చేసుకో."

ముందు ఇబ్బంది సంగతి చూద్దాం. బొల్లారం, అల్వాల్, కౌకూర్ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు ఒకటి రెండు గదుల అద్దె ఇళ్లలో ఉంటాయి. అదే గదిలో పిల్లలు, పక్క గదిలో అత్తగారు. భర్తకు నైట్ డ్యూటీ, భార్యకు తెల్లవారుజామున నీళ్లు పట్టే పని. ఇద్దరూ మెలకువగా ఒకచోట ఉండే అరగంట దొరకదు. అలాంటి ఇంట్లో భార్యాభర్తల మధ్య శారీరక సంబంధం తగ్గిపోతే అది ప్రేమ తగ్గినట్టు కాదు. శరీరానికి సంబంధించిన కారణాలూ ఉంటాయి. కాన్పు తరువాత కొన్ని నెలలు నొప్పి ఉండవచ్చు, మనసు దిగులుగా ఉండవచ్చు. కొత్తగా పెళ్లయిన అమ్మాయికి భయంతో కండరాలు బిగుసుకుపోయి కలయిక అసాధ్యం కావచ్చు. అది ఆమె మొండితనం కాదు, చికిత్స ఉన్న సమస్య. నెలసరి ఆగిపోయే వయసులో పొడిబారడం, నొప్పి మామూలే. మగవారిలో షుగరు, బీపీ, బీపీకి వాడే కొన్ని మందులు, తాగుడు సామర్థ్యాన్ని తగ్గిస్తాయి. ఆ సంగతి బయటకు చెప్పుకోలేని భర్త తన సిగ్గును కోపంగా మార్చుకుంటాడు. తప్పు భార్య మీద వేస్తాడు. "నీకు ఇంకెవరో ఉన్నారు" అన్న మాట అక్కడే పుడుతుంది.

వీటికి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. స్త్రీల డాక్టరు, జనరల్ ఫిజీషియను, అవసరమైతే మానసిక వైద్యులు. రైల్వే స్టేషన్ గోడల మీద ఫోన్ నంబర్లు రాసుకునే "గుప్త రోగాల" వైద్యుల దగ్గరకు మాత్రం కాదు. వాళ్లకు అప్పు చేసి డబ్బు కట్టిన కుటుంబాలు నాకు తెలుసు. డాక్టరు దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లడం సగం వైద్యం. మిగతా సగం ఒకరి మాట ఒకరు వినడం. నొప్పిగా ఉందని భార్య చెబితే నమ్మాలి. అలసిపోయానని భర్త చెబితే ఎగతాళి చేయకూడదు. మాటలతో భర్తను పదిమందిలో చులకన చేసే భార్యలూ ఉన్నారు. ఆ గాయం కూడా గాయమే. ఇలాంటివాటికి ఓర్పు కావాలి, కాలం కావాలి. ఆలుమగల గొడవ అద్దం మీద ఆవగింజ అని పెద్దలు అన్నది ఇలాంటి గొడవల గురించే.

రెండవ ప్రశ్న వేరు. వద్దన్నా బలవంతం చేయడం, కొట్టడం, చంపుతానని బెదిరించడం, జీతం లాక్కోవడం, పుట్టింటికి ఫోన్ చేయనివ్వకపోవడం, పిల్లల ముందు బూతులు తిట్టడం. ఇక్కడ భార్య ఓర్పు పెరిగినకొద్దీ భర్త చెయ్యి ఆగదు, ఇంకా పైకి లేస్తుంది. నేను చూసినంతలో ఇదే నిజం.

"భార్య శరీరం మీద అధికారం భర్తదే అని బైబిల్లోనే ఉంది కదా" అని ఒక పెద్దమనిషి వివాహ తరగతిలోనే నన్ను నిలదీశాడు. పునీత పౌలు గారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 7వ అధ్యాయం ఆయన మనసులో ఉంది. సగం చదివి ఆపేశాడు. ఆ వెంటనే భర్త శరీరం మీద అధికారం భార్యకు ఉందని పౌలు గారు అంతే స్పష్టంగా రాశారు. దూరంగా ఉండాలన్నా ఇద్దరి సమ్మతితోనే అన్నారు. సమ్మతి అనే మాట అక్కడే ఉండగా బలవంతానికి ఆ లేఖను సాక్ష్యంగా తేవడం ఎలా కుదురుతుంది? 1968లో ఆరవ పౌలు పోపు గారు తమ విశ్వలేఖలో భార్య లేక భర్త పరిస్థితిని, న్యాయమైన కోరికను లెక్కచేయకుండా రుద్దిన కలయిక నిజమైన ప్రేమ కార్యం కాదని బోధించారు. 2016లో ఫ్రాన్సిస్ పోపు గారు కుటుంబ ప్రేమ గురించి వెలువరించిన ఉపదేశంలో అదే బోధను మళ్లీ గుర్తు చేసి, ఎఫెసీయుల లేఖలోని లోబడడం అన్న మాటను పడక బలవంతానికి వాడడాన్ని తిరస్కరించారు.

మన హైదరాబాదులో కూడా ఈ ప్రశ్న ఒకసారి పెద్ద చర్చకు వచ్చింది. 1983లో టి. సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి, విడిగా ఉంటున్న భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆజ్ఞాపించే హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్ చెల్లదన్నారు. స్త్రీ దేహం మీద నిర్ణయం ఆమెదేనని, రాజ్యం దాన్ని లాక్కోలేదని ఆయన వాదం. మరుసటి ఏడాది మరో కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని కాదని సెక్షనును నిలబెట్టింది. క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంలోనూ అలాంటి ఏర్పాటే ఉంది. న్యాయశాస్త్రం ఎటు తేల్చినా, జస్టిస్ చౌదరి వేసిన ప్రశ్న మన వివాహ తరగతుల్లో చెప్పదగినదని నా అభిప్రాయం.

"మరి పునీత మోనికమ్మ గారు ఓర్చుకోలేదా?" అని అడిగేవారుంటారు. ఆగస్టు 27న ఆమె పండుగ రోజున ఈ మాట తప్పక వినిపిస్తుంది. ఆమె భర్త పత్రీసియుసు ముంగోపి, నమ్మకద్రోహి. ఆమె సహించింది, చివరకు అతను జ్ఞానస్నానం పొందాడు. నిజమే. కాని ఆమె కుమారుడు పునీత అగస్తీను గారు రాసిన దానిలో ఇంకో సంగతి ఉంది. అంత కోపిష్ఠి అయిన పత్రీసియుసు భార్యను ఎన్నడూ కొట్టలేదు. ముఖాల మీద దెబ్బల గుర్తులున్న ఇరుగుపొరుగు స్త్రీలు అది చూసి ఆశ్చర్యపోయేవారు. దెబ్బలు తినే సోదరికి మోనికమ్మ గారి కథ చెప్పేటప్పుడు ఈ ముక్క వదిలేస్తే మనం చెప్పింది సగం కథే.

ఇప్పుడు మన ఇళ్లలో చాలామందికి తెలియని విషయానికి వస్తాను. 1983 శ్రీసభ ధర్మశాస్త్రంలోని 1153వ నిబంధన ప్రకారం భార్య లేక భర్త తన జీవిత భాగస్వామికి గాని, పిల్లలకు గాని శరీరానికి లేక మనసుకు తీవ్రమైన ప్రమాదం కలిగిస్తే, బాధపడుతున్నవారు విడిగా వెళ్లిపోవడానికి న్యాయమైన కారణం ఉన్నట్టే. సాధారణంగా మేత్రాణుల అనుమతితో వెళ్లాలి. ఆలస్యం చేస్తే ప్రమాదమైతే ఎవరినీ అడగకుండా సొంత నిర్ణయంతోనే వెళ్లవచ్చు. ఆ కారణం తొలగిపోయిన తరువాత, శ్రీసభ అధికారులు వేరే విధంగా నిర్ణయించకపోతే, మళ్లీ కలిసి జీవించాలి. వివాహ సంస్కారం రద్దయినట్టు కాదు. దెబ్బల మధ్య కాపురం చేయాలని మాత్రం శ్రీసభ ఆజ్ఞాపించలేదు. కొన్ని సందర్భాలలో బలహీనులను, పిల్లలను కాపాడడానికి విడిపోవడం నైతికంగా అవసరమే అవుతుందని ఫ్రాన్సిస్ పోపు గారి 2016 ఉపదేశంలోనూ ఉంది.

విడిగా ఉంటున్నందుకే దివ్యసత్ప్రసాదానికి దూరం కావాలని అనుకుని ఏళ్ల తరబడి గుడిలో వెనుక బెంచీలోనే కూర్చునే స్త్రీలు ఉన్నారు. అది అపోహ. విడిగా ఉన్నంత మాత్రాన దివ్యసంస్కారాలకు ఎవరూ దూరం కారు. పిల్లల పోషణకో, ఆస్తి హక్కుకో, రక్షణకో సివిల్ కోర్టు విడాకులు తప్ప మరో దారి లేకపోతే, అలా తీసుకోవడం తనంతట తాను పాపం కాదని 1992 నాటి సత్యోపదేశ గ్రంథం చెబుతోంది. మళ్లీ పెళ్లి చేసుకోవడం వేరే విషయం. అది మేత్రాసన న్యాయస్థానంలో తేలాలి.

దేశ చట్టం సంగతి. పూర్వం క్రైస్తవ భార్య విడాకులు కోరాలంటే క్రూరత్వం ఒక్కటే సరిపోయేది కాదు, వ్యభిచారం కూడా రుజువు చేయవలసి వచ్చేది. 1995లో కేరళ హైకోర్టు ఆ షరతును కొట్టివేసింది, 2001లో పార్లమెంటు చట్టాన్నే సవరించింది. విడాకులు కోరనివారు న్యాయపరంగా విడిగా ఉండే ఉత్తర్వు అడగవచ్చు. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. ఇల్లు భర్త పేరున ఉన్నా, అత్తగారి పేరున ఉన్నా, అందులో ఉండే హక్కు భార్యకు ఉంటుంది. ఇంకా కొట్టకూడదని, దగ్గరకు రాకూడదని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. 18 ఏళ్లు దాటిన భార్యపై భర్త బలవంతాన్ని మన శిక్షాస్మృతి ఇంకా అత్యాచారంగా లెక్కించడం లేదు. అయితే ఈ చట్టం లైంగిక హింసను గృహహింసగానే చూస్తుంది. స్త్రీకి ఆదాయం ఎంత ఉన్నా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. న్యాయసేవల నంబరు 15100. స్త్రీల సహాయానికి 181, ఆపదలో పోలీసుకు 112. కోర్టులు చట్టంలో రాసినంత వేగంగా నడవవు, ఆ మాటా ముందే చెప్పాలి.

ఉపదేశులకు, సంఘ పెద్దలకు ఒక మనవి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయకండి. భర్త పక్కనుండగా భార్య నిజం చెప్పలేదు. చెబితే ఆ రాత్రికి దాని ధర కడుతుంది. ఆమెతో విడిగా, వీలైతే ఒక స్త్రీయే మాట్లాడాలి. భర్త ఏడ్చి క్షమాపణ అడిగితే సంతోషించండి, కాని వెంటనే ఆమెను వెనక్కు పంపకండి. పశ్చాత్తాపం కన్నీళ్లలో కాదు, ఆరు నెలల నడతలో కనిపిస్తుంది: తాగుడు మానడానికి చికిత్సకు వెళ్తున్నాడా, ఇంటికి డబ్బు పంపుతున్నాడా, ఆమె పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ బెదిరించకుండా ఉన్నాడా.

గుమ్మం దగ్గర ఆగిన సోదరికి ఆ సాయంత్రం నేను చెప్పింది ఇంత పెద్ద పాఠం కాదు. పాపం కాదని చెప్పాను. ఆధార్ కార్డు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, విచారణ ఆఫీసులో అడిగి తీసుకున్న పెళ్లి సర్టిఫికెట్టు నకలు, ఆటోకు సరిపడా డబ్బు ఒక సంచిలో పెట్టి నమ్మకమైన పొరుగింట్లో దాచుకోమన్నాను. ఎవరింట్లో అని ఆమె కాసేపు ఆలోచించింది. "మా మేడమీద ఉండే బీబమ్మ ఇంట్లో పెడతనక్కా" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.