మోర్స్ మీటను మనమే చేసుకుందాం

బాలలూ! ఒక్క మాటైనా పలకకుండా, ఒకే ధ్వనిని మోగిస్తూ ఆపుతూ వార్త పంపవచ్చును. 1844లో శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుండి బాల్టిమోర్‌కు తీగ మీద చుక్కలు, గీతలుగా వార్త పంపాడు. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013లో ముగిసింది. అయినా అమెచ్యూర్ రేడియోవారు మోర్స్‌ను విడువలేదు. గొంతు అర్థం కానంత రొదలో కూడా ఈ కూతను చెవి పోల్చుకోగలదు.

కావలసినవి: ఒక కొనన రంధ్రం ఉన్న 12 సెంటీమీటర్ల విరిగిన హాక్సా బ్లేడు ముక్క, చెక్క పలక, 1 సెంటీమీటరు మందం గల చెక్కముక్క, రెండు ఇత్తడి స్క్రూలు, రెండు చిన్న మేకులు, 9 వోల్టుల బ్యాటరీ, దానితో పనిచేసే బజర్, తీగలు, గరుకు కాగితం, టేపు.

చేసే విధానం: బ్లేడు పళ్ళకు టేపు చుట్టండి. రంధ్రం చుట్టూ, రెండవ కొన అడుగునా రంగును గరుకు కాగితంతో మెరిసేలా గీకండి. చెక్కముక్కను పలక చివర అంటించి, దానిపై బ్లేడును స్క్రూతో బిగించండి. బ్లేడు తిరగకుండా రెండు పక్కలా మేకులు కొట్టండి. రెండవ కొన కింద పలకలో రెండవ స్క్రూ దించండి. దాని తలకూ బ్లేడుకూ నడుమ సుమారు 1 మిల్లీమీటరు ఖాళీ చాలు. స్క్రూను తిప్పి ఖాళీ సరిచేయవచ్చును. నొక్కే చోట ప్లాస్టిక్ మూత అంటించండి.

బ్యాటరీ ధన ధ్రువాన్ని బజర్ ఎర్ర తీగకు, బజర్ రెండవ తీగను బ్లేడు స్క్రూకు, కింది స్క్రూను బ్యాటరీ ఋణ ధ్రువానికి కలపండి. మీట నొక్కితే వలయం పూర్తయి బజర్ మోగుతుంది. వదిలితే బ్లేడు తన స్థితిస్థాపకత వల్ల పైకి లేచి, వలయం తెగుతుంది.

మా తరగతిలో ఒక విద్యార్థి మీట మోగలేదు. బ్యాటరీ మార్చాడు, తీగలు మార్చాడు. ఫలితం లేదు. చివరకు చూస్తే బ్లేడు అడుగున రంగు మిగిలి ఉంది! రంగు విద్యుద్బంధకం. పలుచని పొరైనా ప్రవాహాన్ని ఆపగలదు.

ఇక సాధన. చుక్క 1 ప్రమాణమైతే గీత 3 ప్రమాణాలు. ఒక అక్షరంలోని గుర్తుల మధ్య 1, అక్షరాల మధ్య 3, పదాల మధ్య 7 ప్రమాణాల విరామం ఉండాలి. ఇంగ్లీషు 'ఇ'కి ఒక చుక్క, 'టి'కి ఒక గీత, 'ఎ'కి చుక్క-గీత, 'ఎన్'కు గీత-చుక్క. 'ఎ'ను నడుమ ఎక్కువసేపు ఆపి కొడితే వినేవారికి 'ఇ', 'టి' అని రెండు అక్షరాలవుతాయి. కనుక మౌనం కూడా వార్తలో భాగమే!

ఈ మీట ఇంటిలో సాధనకే. రేడియోలో ప్రసారం చేయాలంటే పరీక్ష నెగ్గి ప్రభుత్వ లైసెన్సు పొందాలి.

ఆలోచించండి: విరామంతో సహా ఒక పదానికి 50 ప్రమాణాలు అనుకుంటే, నిమిషానికి 5 పదాల వేగంలో చుక్క 0.24 సెకను. 10 పదాల వేగంలో గీత ఎంతసేపు?