పెరటిలో పెద్ద ఆకుల భూతులసి: కోత పద్ధతే కీలకం

సబ్జా గింజలనిచ్చే భూతులసి జాతిలోనిదే పెద్ద ఆకుల రకం. ఇందులో ఆకే పంట కనుక మొక్కను పూతకు రానీయరాదు.

నీరు నిలవని, పశువుల ఎరువు కలిపిన నేల, రోజుకు కనీసం 6 గంటల ఎండ అవసరం. గింజలను అర సెం.మీ. లోతున విత్తితే సాధారణంగా 5–10 రోజుల్లో మొలకెత్తుతాయి. నారును 4–6 ఆకుల దశలో 30 సెం.మీ. ఎడంగా నాటుకోవాలి. ఆకులపై తడి నిలిస్తే తెగుళ్లు ఆశిస్తాయి కనుక నీటిని మొదళ్ల వద్దనే పోయాలి.

మొక్క 15–20 సెం.మీ. ఎదిగాక కొనను ఒక ఆకుల జతకు పైన తుంచాలి. ఆ ఆకుల గ్రీవాల నుండి రెండు కొమ్మలు వస్తాయి. కింది ఆకులను మాత్రమే కోస్తూ పోతే కొన సాగి పూత పూస్తుంది; కొత్త ఆకులు తగ్గుతాయి. పూమొగ్గలు కనిపించిన వెంటనే తుంచివేయాలి. ఒకసారి మూడో వంతుకు మించి కోయరాదు. కోసిన కొమ్మలు ఫ్రిజ్‌లో నల్లబడతాయి. నీటి గ్లాసులో గది ఉష్ణోగ్రత వద్దనే ఉంచాలి.