వాపు సంగతి కోచ్‌కి చెప్పు

పినపాక

అల్లుడూ,

ఆదివారం ఫైనల్ అని, ఆ కప్పు కోసం రెండు అకాడమీల పిల్లలూ ఏడాదంతా కాచుక్కూర్చున్నారని మీ అమ్మ చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని నువ్వు ఒట్టు పెట్టిన సంగతి కూడా చెప్పేసింది. అమ్మ మీద కోపం తెచ్చుకోకు. కొడుకు కుడికాలి చీలమండ వాచిందని, బూటు లేసులు వదులు చేసుకుని ప్రాక్టీసుకి పోతున్నాడని తెలిశాక ఏ తల్లి ఊరుకుంటుంది? ఆ వాపు రోజూ నిన్ను చూసే కోచ్‌కి తెలీదు, పక్క గదిలో ఉండే ఫిజియోకి తెలీదు. ఇంత దూరాన పినపాకలో ఉన్న మాకు తెలుసు. ఇదేం లెక్కరా?

నాకు ఫుట్‌బాల్ ఆడటం రాదు. మన వైపు సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్, మిగతా రోజుల్లో క్రికెట్. ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డులో నీ కాలికి సరిపడే బూట్లు దొరక్క మీ నాన్న ఎంత తిరిగాడో నీకే తెలుసు. కానీ చూడటం వచ్చు, చదవటం వచ్చు. ఆ మాత్రం హక్కుతో రాస్తున్నాను.

నువ్వు నాకు జర్నైల్ సింగ్ కథ చెప్తావని తెలుసు. ‘మైదాన్’ సినిమా చూసిన ప్రతి పిల్లాడూ అదే చెప్తాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయిలాండ్‌తో ఆడుతూ జర్నైల్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ కుట్లతోనే సెమీఫైనల్ ఆడాడు, సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద రెండో గోల్ కొట్టాడు. 2-1తో మనకి స్వర్ణం వచ్చింది. నిజమే, గొప్ప కథే. కానీ మనం సగమే చెప్పుకుంటాం. జర్నైల్ అసలు డిఫెండర్. అతన్ని వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించింది అప్పటి కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్. గాయం ఎక్కడుందో, ఎంత ఉందో ఆయనకి తెలుసు కాబట్టే చోటు మార్చాడు. జర్నైల్ కుట్లు దాచుకుని మైదానంలోకి దిగలేదు. నువ్వు దాస్తున్నావు. పైగా అతను దేశం తరఫున ఆడుతున్న ఎదిగిన మనిషి. నీకింకా పదహారు నిండలేదు.

ఆ వయసు మాట ఊరికే అనలేదు. మీ ఈడు పిల్లల ఎముకల చివర్లలో ఇంకా ఎదుగుతున్న మెత్తటి భాగం ఉంటుంది. కీలుని పట్టి ఉంచే లిగమెంట్ల కంటే అదే బలహీనం. పెద్దవాళ్లకి బెణుకుతో పోయే దెబ్బ మీకు అక్కడ పగులు కావచ్చు. పైకి రెండూ ఒకేలా వాస్తాయి. తేల్చాల్సింది డాక్టరు, అవసరమైతే ఎక్స్‌రే. స్ప్రే కొట్టుకుంటే, మాత్ర వేసుకుంటే నొప్పి తెలియదు, అంతే. తెలియని నొప్పి మీద తొంభై నిమిషాలు పరిగెత్తడం ధైర్యం కాదు. మీ అమ్మమ్మ పసరు కట్టు పంపిస్తానంటోంది. ముందు డాక్టరుకి చూపించాలి, ఆ కట్టు తర్వాత చూద్దాం అని ఆవిడకి నేను సర్దిచెప్తాలే.

మీ నాన్న మణుగూరు ఓపెన్‌కాస్ట్‌లో ఇన్నేళ్లుగా డంపర్ నడుపుతున్నాడు. బ్రేకు తేడాగా ఉందని తెలిసీ, షిఫ్టు పోతుందని చెప్పకుండా బండి తీస్తాడా? అడుగు.

ఫైనల్ చూడ్డానికి పెద్ద క్లబ్బుల వాళ్లు వస్తారని, ఆ ఒక్కరోజు పోతే అంతా పోయినట్టేనని నీ భయం. ఆ భయం తప్పని అనను. చూసేవాళ్లు వస్తారు. కానీ కుంటుతూ, బంతి కుడికాలికి రాకుండా తప్పుకుంటూ ఆడేవాణ్ణి చూసి వాళ్లేం రాసుకుంటారు? నువ్వు లేక జట్టు ఓడినా అంతా పోదు. 2022లో రిలయన్స్ ఫౌండేషన్ కుర్రాళ్ల లీగ్‌లో బెంగళూరు మొదటిది, కేరళ బ్లాస్టర్స్ రెండోది. ఇంగ్లండ్‌లో ఆడటానికి రెండు క్లబ్బుల పిల్లలూ వెళ్లారు. రెండో స్థానం అంటే ఇంటికి పొమ్మని కాదు.

బెంచీ మీద కూర్చోవాల్సి వస్తే సిగ్గుపడకు. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్ గుర్తుందా? కేరళ గోల్ కొట్టి ముందుంది, మన హైదరాబాద్‌కి టైము అయిపోతోంది. 88వ నిమిషంలో సమం చేసిన సాహిల్ తవోరా బెంచీ మీద నుంచి దిగినవాడే. తర్వాత పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపి కప్పు తెచ్చాడు గానీ, అక్కడిదాకా తెచ్చింది తవోరా. ఆ క్లబ్బు సంగతి చూడు. కప్పు గెలిచిన మూడేళ్లకే, 2025లో హైదరాబాద్ వదిలి ఢిల్లీ పోయి పేరు కూడా మార్చుకుంది. క్లబ్బులు ఊరు మారతాయి, చొక్కా రంగు మార్చుకుంటాయి. చెడిపోయిన కాలు మాత్రం నీతోనే ఇంటికొస్తుంది.

1992లో ఇంగ్లండ్ ఎఫ్ఏ యూత్ కప్ ఫైనల్లో క్రిస్టల్ ప్యాలెస్ మీద గెలిచిన మాంచెస్టర్ యునైటెడ్ పిల్లల్లో బెక్‌హామ్, గిగ్స్, గ్యారీ నెవిల్ ఉన్నారు. వాళ్ల పేర్లు నీకు తెలుసు. అదే జట్టులో బెన్ థార్న్‌లీ అనే కుర్రాడూ ఉన్నాడు, వాళ్లకేమీ తీసిపోని ఆటగాడు. 1994లో రిజర్వ్ మ్యాచ్‌లో ఎదుటివాడి టాకిల్‌కి మోకాలు పోయింది. మళ్లీ ఆడాడు గానీ యునైటెడ్‌లో నిలదొక్కుకోలేకపోయాడు. పాపం, అతని తప్పేమీ లేదు. దెబ్బ ఎవరి చేతుల్లోనూ ఉండదు. తగిలిన దెబ్బని చెప్పడం, చెప్పకపోవడం మాత్రం నీ చేతుల్లో ఉంది.

చెప్పాక కోచ్ ఆడమంటే ఆడు. సగం ఆటకి దించితే అంతే ఆడు. వద్దంటే నీ చోటులో ఆడేవాడికి ఎదుటి జట్టు గురించి నీకు తెలిసిందంతా చెప్పు, గట్టిగా కేకలు వెయ్యి. ఒకవేళ నిజం చెప్పినందుకు నిన్ను పక్కన పడేసే అకాడమీ అయితే, అది ఎప్పుడు తెలిసినా మంచిదే. నేనూ మీ నాన్నా వచ్చి మాట్లాడతాం.

ఈ ఉత్తరం అందిన రోజే ఫిజియోని కలువు. కలిసి, ఏమన్నాడో మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పు. ఈసారి ఒట్టు పెట్టకు.

మీ మామయ్య