చిమ్నీ మీద సల్ఫర్ డయాక్సైడ్ పరీక్ష: చేయవలసినవి - చేయకూడనివి

బిలాస్‌పూర్ జిల్లా సీపత్‌లో ఎన్టీపీసీకి 2,980 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. ఇలాంటి కేంద్రాల పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను తొలగించే స్క్రబ్బర్‌ను ప్లాంటులో ఎఫ్‌జీడీ అంటారు. సున్నపురాయి పొడి కలిపిన స్లర్రీని పొగ మీద చిమ్మితే ఆ వాయువు చివరికి జిప్సం అవుతుంది. ఆ స్క్రబ్బర్ సరిగా పనిచేస్తోందో లేదో తేల్చడానికి నమూనా తీసే మన కుర్రాళ్ల కోసం ఈ జాగ్రత్తలు.

ముందు ఒక లెక్క గుర్తుంచుకోండి. 2015 డిసెంబరు నిబంధనల్లో, 2004-2016 మధ్య వచ్చిన 500 మెగావాట్లు, ఆపై యూనిట్లకు పరిమితి ఘనపు మీటరుకు 200 మిల్లీగ్రాములు. అంటే సుమారు 70 పీపీఎం. మనిషి పావుగంట పీల్చడానికి ఫ్యాక్టరీల్లో ఒప్పుకున్నది 5 పీపీఎం మాత్రమే. పరీక్షలో నెగ్గిన పొగ కూడా ఊపిరితిత్తులకు విషమే. స్క్రబ్బర్‌కు ముందున్న డక్టులో ప్రాణాపాయ స్థాయిగా లెక్కించే 100 పీపీఎం కూడా దాటి ఉంటుంది. 2025 జులైలో చాలా ప్లాంట్లకు ఆ 2015 నాటి చిమ్నీ పరిమితి నుంచి మినహాయింపు వచ్చింది. అందుకే ఎఫ్‌జీడీ లేని చిమ్నీలూ ఉంటాయి; వాటి దగ్గర జాగ్రత్త ఇంకా పెరగాలి.

చేయవలసినవి

• పర్మిట్ తీసుకున్నాకే ఎక్కండి. మీరు పైన ఉన్నట్టు కంట్రోల్ రూమ్‌కు చెప్పండి. లోడు మార్చినా, పొగను స్క్రబ్బర్‌లోకి పోనివ్వకుండా మళ్లించే బైపాస్ డ్యాంపర్ తెరిచినా ముందే వాకీటాకీలో చెప్పమనండి.
• సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ చూపే మీటరును కాలరుకు తగిలించుకోండి. అలారం మోగితే వెంటనే దిగండి.
• నమూనా తీసే రంధ్రం (పోర్టు) మూత తీసేటప్పుడు గాలి వచ్చే వైపు, పోర్టుకు పక్కగా నిలబడండి. లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంటే పొగ నేరుగా ముఖానికి కొడుతుంది. యాసిడ్ గ్యాస్ కార్ట్రిడ్జ్ మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.
• రెండు తాళ్ల హార్నెస్ వేసుకోండి. ఒక కొక్కెం తగిలించాకే రెండోది విప్పండి. ప్రోబ్, స్పానర్లు తాడుతో కట్టండి.
• మే నెల ఎండలో ప్లాట్‌ఫారం నిప్పులా కాలుతుంది. పని ఉదయమే ముగించండి, నీళ్లు తాగుతూ ఉండండి. ఉరుము వినిపిస్తే దిగిపోండి.
• ఆస్తమా ఉంటే ముందే చెప్పండి. 1 పీపీఎం లోపు వాయువుకే ఆయాసం రావచ్చు.

చేయకూడనివి

• వాసన లేదు కదా అని ధైర్యపడకండి. కాసేపటికి ముక్కు ఆ ఘాటుకు అలవాటు పడిపోతుంది.
• ఆగిన అబ్జార్బర్‌లోకి, అంటే స్లర్రీ చిమ్మే స్క్రబ్బర్ టవరులోకి, గాలి పరీక్షించకుండా దిగకండి. ఆక్సిజన్ కనీసం 19.5 శాతం ఉండాలి. కార్ట్రిడ్జ్ మాస్కు విషాన్ని వడకడుతుంది, ఆక్సిజన్ ఇవ్వదు.
• లోపల ఎవరైనా పడిపోతే వెంట దూకకండి. గాలి సిలిండరు కట్టుకున్న రక్షణ బృందాన్ని పిలవండి. కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో.
• రబ్బరు లైనింగ్ ఉన్న అబ్జార్బర్‌లో గానీ, దాని గోడకు బయట గానీ, ఫైర్ సిబ్బంది లేకుండా వెల్డింగ్, గ్యాస్ కటింగ్ చేయకండి. రబ్బరు అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం.
• నమూనా సీసాలోని హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పిపెట్‌తో నోటితో లాగకండి. వాయువు అందులో సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది.
• ఒంటరిగా ఎక్కకండి. ఎక్కకుండా అంకెలు రాయకండి. ఆ అంకెలను నమ్మి బతికేది చుట్టుపక్కల ఊళ్లే.

వాయువు తగిలితే

మనిషిని శుభ్రమైన గాలిలోకి తెచ్చి, బిగుతు బట్టలు వదులు చేసి కూర్చోబెట్టండి. కళ్లను కనీసం 15 నిమిషాలు ధారగా కడగండి. దగ్గు తగ్గినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల్లో కొన్ని గంటల తర్వాత కూడా నీరు చేరవచ్చు.

కాంట్రాక్టరుకు, ఇంజనీరుకు ఒక మాట: మాస్కు, మీటరు, హార్నెస్ కొనివ్వడం మీ బాధ్యత. భయమేసి పని ఆపిన కుర్రాడి కూలి కోయకండి. కూలి పోతుందనే భయంతోనే వాళ్లు అలారం మోగినా పైనే ఉండిపోతారు.